ముక్కు మేస్త్రి

పాత కారు బానెట్ ఎత్తి, కార్బొరేటర్ మీదికి వంగి, మేస్త్రి కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. ముప్పై ఆరేళ్ళుగా ఏ బండినైనా ఆయన అలాగే మొదలుపెడతాడు. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లోని నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. పెట్రోలు వాసన ఎక్కడినుంచి వస్తోందో మిగతావాళ్ళు రోజంతా వెతికితే, ఆయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి చెప్పేసేవాడు. అందుకే ముక్కు మేస్త్రి అయ్యాడు. అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు.

ఈ కారు రిటైరైన లెక్కల టీచరుది. "బండి ఆపాక లోపల కూర్చోలేకపోతున్నాను మేస్త్రీ. తల తిరుగుతోంది," అని పొద్దున్నే వదిలిపెట్టి వెళ్ళింది.

ఆయనకిది కొట్టిన పిండి. ఆపిన ఇంజను వేడికి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరవుతుంది. గిన్నె నిండా ఉంటే మరీను. గిన్నెలో తేలే ఫ్లోట్ రేకును వెంట్రుకవాసి వంచి పెట్రోలు మట్టం తగ్గించాడు. కార్బొరేటర్‌కి వేడి ఎక్కకుండా దాని కింద మందపాటి దిమ్మె వేశాడు. బిరుసెక్కిన రబ్బరు పైపు మార్చాడు. ట్యాంకు మూతకు కొత్త వాషర్ వేసి, డిక్కీలో మూతనుంచి ట్యాంకుకి దిగే లావుపాటి గొట్టం క్లిప్పు ఇంకో చుట్టు బిగించాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. హాయిగా ఉంది.

షెడ్డు యజమాని సామాన్ల కోసం బజారుకి వెళ్ళాడు. మధ్యాహ్నం మేస్త్రే టీచరుకి తాళాలిచ్చి పంపేశాడు.

అరగంటలో కారు తిరిగొచ్చింది. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. టీచరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దిగింది.

"ట్యాంకు నింపించానో లేదో, మునుపటికన్నా ఎక్కువైంది మేస్త్రీ."

ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. "ఏమీ లేదు టీచరమ్మా. పాత వాసన సీట్లకి పట్టి ఉంటుంది. రెండ్రోజులు ఎండలో పెట్టండి."

ఆవిడ ఆయన వంక వింతగా చూసింది. "నాకు కళ్ళు మండుతున్నాయి."

ఆవిడ తృప్తి కోసం డిక్కీ తెరిచి చాప ఎత్తాడు. స్టెప్నీ కింద పల్లంలో నీళ్ళు మెరుస్తున్నాయి. వాన నీళ్ళనుకుని వేలు ముంచాడు. వేలు జివ్వుమంది. చూస్తూండగానే తడి ఆరిపోయింది.

నీళ్ళు అలా ఆరవు.

వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. అరచెయ్యి మొత్తం ముంచి మొహానికి ఆనించుకున్నాడు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. వాసన మాత్రం లేదు. డిక్కీ అంచు పట్టుకుని లోపలికి వంగాడు. క్లిప్పు కింద పగిలిన గొట్టంనుంచి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ బండిలోనే ఆవిణ్ణి కూర్చోబెట్టి పంపాడు.

"తాళం తిప్పకండి టీచరమ్మా. దూరంగా వెళ్ళి నిలబడండి." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అప్పుడే యజమాని స్కూటర్ గేటు దగ్గర ఆగింది. అతను అక్కడే, ఇరవై అడుగుల దూరంలోనే, ముక్కు చిట్లించాడు. మేస్త్రి అది చూశాడు.

ఇద్దరూ కలిసి బండిని ఆరుబయటికి తోశారు. పెట్రోలు తోడి పారబోశారు.

"గేటు దగ్గరికే వచ్చిందా?" అన్నాడు మేస్త్రి.

"వచ్చిందన్నా."

"నాకు రాలేదు."

"తెలుసు."

మేస్త్రి స్పానర్ కింద పెట్టాడు. యజమానే చెప్పాడు.

"రెండేళ్ళయింది. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు ప్రతి బండీ నేనొకసారి చూసుకునేవాణ్ణి. ఇవాళే కుదరలేదు. నాకు వాసన పట్టడం నేర్పింది నువ్వు. నీతో ఈ మాట ఎలా అనను?"

పోయినేడు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా మాడువాసన కమ్మితే, పక్కనే పేపరు చదువుతున్న ఆయన్ని "ముక్కు ఎక్కడ పారేసుకున్నావయ్యా?" అంది భార్య. నవ్వేశాడు. పెట్రోలు కంపుతో గడప తొక్కొద్దని పాతికేళ్ళు పోరిన మనిషి, ఈమధ్య ఆయన నేరుగా వచ్చి కంచం ముందు కూర్చున్నా ఏమీ అనడం లేదు. అంటే ఆవిడకీ తెలుసు. అందరికీ తెలుసు. తన మొహం మీదున్న దాని సంగతి తనకే తెలియలేదు.

కొత్త గొట్టం ఆయనే వేశాడు. పని తప్పలేదు. ట్యాంకులో పెట్రోలు పోసి పక్కకి జరిగాడు. "వాసన చూడు," అన్నాడు. ఆయన నోట ఆ మాట అదే మొదటిసారి. యజమాని వంగి, చాలాసేపు చూసి, "లేదన్నా," అన్నాడు.

టీచరు వెళ్ళేముందు ఆయన దగ్గర ఆగింది. "కాసేపు కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగండి," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం చేతులు కడుక్కుని, ఖాకీ చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించాడు.

"రేపు కాస్త పెందలాడే రా అన్నా. రెండు బండ్లున్నాయి," అన్నాడు యజమాని.

"చూద్దాంలే."

మర్నాడు రాలేదు. మూడోనాడు ఆయన భార్య వచ్చి షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టింది. "ఇక రానన్నాడు బాబూ. బతిమాలొద్దన్నాడు." స్పానర్ల సంచీ అందుకుని వెళ్ళిపోయింది.

చొక్కా సంగతి ఆవిడా అడగలేదు, యజమానీ గుర్తుచెయ్యలేదు. నెల తిరిగినా అది ఆ మేకుకే ఉంది. పక్కనుంచి వెళ్ళిన ప్రతివాళ్ళకీ పెట్రోలు వాసన కొడుతూనే ఉంది.