మెడ మీద రాయి

"పధ్నాలుగేళ్ళకే ఇంజినీరు అయిపోయావా?" అని అడిగింది కొలీన్.

మెస్కెరెం నవ్వబోయి ఆగిపోయింది. ఎదుటి మనిషి ముఖంలో నవ్వు లేదు. మట్టినీ కాంక్రీటునూ పరీక్షించే ఆ కంపెనీకి ఎడ్మంటన్‌లో కొలీనే పెద్ద. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి: పాస్‌పోర్టు నకలు, పాత ఉద్యోగం గురించి రోడ్ల శాఖ ఇచ్చిన ఉత్తరం. మెస్కెరెం బతుకంతా ఆ రెండు కాగితాల్లోనే ఉంది.

"పాస్‌పోర్టు ప్రకారం నువ్వు పుట్టింది ఎనభై ఐదులో. డిగ్రీ తొంభై తొమ్మిదిలో. అడిస్ అబాబాలో, రోడ్ల శాఖలో పని రెండు వేల నుంచి రెండు వేల తొమ్మిది దాకా. ఇక్కడికి వచ్చింది రెండు వేల పదిహేడులో. మధ్యలో ఎనిమిదేళ్ళు ఏమైపోయావు?"

అప్పుడు అర్థమైంది మెస్కెరెంకి.

"అవి మా సంవత్సరాలు. మా దేశంలో లెక్క వేరు. మీకంటే ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటాం. ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చినవాడు మాటలు మార్చాడు, అంకెలు అలాగే వదిలేశాడు. నేనూ చూసుకోలేదు."

చూసుకోకపోవడమేమిటి, పదిసార్లు చదివింది. తొంభై తొమ్మిది అంటే ఆమెకు తొంభై తొమ్మిదే. సొంత ఇంటి మెట్లు ఎవరు లెక్కపెట్టుకుంటారు?

కొలీన్ కంప్యూటర్ వైపు తిరిగి కాసేపు ఏదో వెతికింది. "సరే, అలాంటి క్యాలెండర్ ఉందట. కానీ అదే ఆఫీసు నీకిచ్చిన ఇంకో ఉత్తరం ఉంది. నైరోబీ శిక్షణకు పంపినప్పటిది. అందులో మా సంవత్సరమే వేశారు. మరి దీంట్లో ఏ లెక్క వేశారో నాకెలా తెలియాలి?"

"అసలు కాగితంలో అంకె పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. కరుణా సంవత్సరం అని. అవి ఉంటే మా లెక్క అన్నట్టు. మా అమ్‌హారిక్ భాష వచ్చినవాళ్ళు ఎవరైనా చదువుతారు."

"అయితే జెరిహున్‌ని పిలుద్దాం."

మెస్కెరెం ఊపిరి పీల్చుకుంది. జెరిహున్ తన దేశం మనిషే. కింద లాబ్‌కి పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఆ కంపెనీలో ఉన్నాడు. పదహారు నెలల కిందట ఆమె చేరినప్పుడు పగిలేదాకా నొక్కి బలం చూసే ప్రెస్సులో కాంక్రీట్ సిలిండర్‌ని నిలబెట్టడం నేర్పింది ఆయనే. ఆమె ఆయన్ని గాషే అని పిలుస్తుంది. అన్నగారిని పిలిచినట్టు.

ఏప్రిల్‌లో మేడ మీద ఒక జూనియర్ ఇంజినీర్ పోస్టు ఖాళీ అవుతోంది. కొలీన్ శుక్రవారంలోగా కాల్గరీలోని పెద్దాఫీసుకి పేరు పంపాలి. పంపకపోతే బయట ప్రకటన వేస్తారు. ఈ దేశంలో ఇంజినీరుగా ఏడాది పనిచేసి, ఆ పని చూసినవాళ్ళు సంతకం పెడితేనే లైసెన్సు. అది లేకపోతే మెస్కెరెం కట్టిన పదకొండు వంతెనలూ కట్టనట్టే. ఇవాళ సోమవారం.

జెరిహున్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మెస్కెరెం ఇచ్చిన అసలు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"దాని మీద ముద్ర పడింది. అక్షరాలు కనబడటం లేదు," అన్నాడు ఇంగ్లీషులో.

"గాషే, సరిగ్గా చూడండి. ముద్ర కింద కాదు, పక్కనే ఉన్నాయి," అంది మెస్కెరెం తమ భాషలో.

"ఇంగ్లీషులో మాట్లాడమ్మాయ్. ఆవిడ ముందు మన భాషలో గొణుక్కోవడం మర్యాద కాదు." కాగితం బల్ల మీద పెట్టాడు. "నేను వచ్చేసి ఇరవై మూడేళ్ళయింది కొలీన్. ఇప్పుడు అక్కడ ఎలా రాస్తున్నారో నాకేం తెలుసు? నా నోటితో చెప్పి, రేపు తేడా వస్తే?"

కొలీన్ తలాడించి కాగితాలు మడిచి మెస్కెరెంకి ఇచ్చేసింది.

కింద లాబ్‌లో ప్రెస్సు నడుస్తోంది. సిలిండర్ ఫట్‌మని పగిలింది. జెరిహున్ అంకె రాసుకుని ముక్కలు తీసి తొట్టిలో వేశాడు.

"కనబడలేదా గాషే?"

"కనబడలేదన్నాగా."

"నా ముఖం చూసి చెప్పండి."

జెరిహున్ ఇంకో సిలిండర్ ఎత్తి పెట్టాడు. "తొంభై ఆరులో నేను వచ్చినప్పుడు నా కాగితాలు ఎవడు చదివాడు? బహిర్ దార్ నీళ్ళ శాఖలో నా కింద నలభై మంది ఉండేవాళ్ళు. ఇక్కడ ఏడాది టాక్సీ తోలాను. తర్వాత ఇదిగో, ఈ తొట్టి. మేడ మీదికి మెట్లెన్నో తెలుసా నీకు? పందొమ్మిది. నేను కాగితాలు ఇవ్వడానికి ఎక్కానే గాని కూర్చోడానికి ఎక్కలేదు."

"మీకు ఎవరూ చదవలేదని నాకూ చదవరా?"

"పదహారు నెలలమ్మా! పదహారు నెలలకే నీకు కిటికీ పక్క కుర్చీ కావాలి. రేపట్నుంచి నా రిపోర్టులు నీ దగ్గరికి రావాలి. 'జెరిహున్, ఈ అంకె మళ్ళీ చూడు' అంటావు. నేను చిత్తం ఇంజినీరమ్మా అనాలి. అంతేగా?"

"ఆ మాట అంటానని మీరు ముందే అనేసుకున్నారు."

"అనకపోతే నువ్వు చేసేది ఏం ఇంజినీరింగు?" అని ప్రెస్సు మీట నొక్కాడు. ఆ చప్పుడులో ఇంక మాట వినబడదు.

ఆ ఉత్తరం కోసం మెస్కెరెం అక్క యెషీ రోడ్ల శాఖ వరండాలో నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజు ముద్ర వేయించి పంపింది. ఆ వానాకాలంలోనే పోయింది. ఇప్పుడు ఇంకో ఉత్తరం కావాలంటే ఆ వరండాలో కూర్చునే మనిషి లేదు. ఈ సంగతి మెస్కెరెం ఎవరికీ చెప్పలేదు. చెప్పి లాభం ఉన్నచోట చెప్పొచ్చు.

ఊళ్ళో ప్రభుత్వం గుర్తించిన అమ్‌హారిక్ అనువాదకుడు ఒక్కడే ఉన్నాడు. ఫోన్ చేస్తే, కాగితం ఇవ్వండి, పది పన్నెండు రోజులు పడుతుంది అన్నాడు. ఇచ్చి వచ్చింది.

ఇంటికి వచ్చాక అస్కాలె గారికి చెప్పక తప్పలేదు. అస్కాలె ఇంటి కింది భాగంలోనే మెస్కెరెం అద్దెకుంటోంది. అరవై దాటిన మనిషి. చర్చిలో ఆవిడ మాటకి ఎదురు లేదు. అంతా విని, "కోర్టులూ ఆఫీసులూ మనకెందుకు? పెద్దల్ని కూర్చోబెడతాను. వాడే వచ్చి తప్పు ఒప్పుకుంటాడు," అంది.

బుధవారం సాయంత్రం కూర్చున్నారు. అస్కాలె, చర్చి పెద్దలు ఇద్దరు. పెద్ద ఉపవాసం రోజులు కాబట్టి మాంసం, పాలు లేవు. శనగపిండి కూర, మసూరు పప్పు, ఇంజెరా రొట్టెలు మూతపెట్టిన బుట్టలో ఉన్నాయి. రాజీ కుదిరాక అందరూ ఒకే పళ్ళెంలో తినాలి. కాఫీ గింజలు వేగుతున్న వాసన ఇల్లంతా పట్టింది.

జెరిహున్ ఆలస్యంగా వచ్చాడు. చంకలో ఏదో గుడ్డలో చుట్టి ఉంది. నేరుగా గది మధ్యకు వచ్చి గుడ్డ విప్పాడు. తప్పు చేసినవాడు మెడ మీద రాయి పెట్టుకుని వంగడం వాళ్ళ ఆచారం. ఆ తప్పు వల్ల నష్టపోయినవాళ్ళు 'దేవుడి కోసం క్షమించాను' అని ఆ రాయి దించాలి. మార్చి నెలలో ఎడ్మంటన్‌లో రాయి ఎక్కడ దొరుకుతుంది? అంతా మంచు కింద ఉంది. జెరిహున్ లాబ్ నుంచి పగిలిన సిలిండర్ సగం ముక్క తెచ్చాడు. దాని మీద నల్ల సిరాతో నమూనా నంబరు ఇంకా ఉంది. ఆ అంకెలు వేసింది మెస్కెరెమే.

దాన్ని మెడ మీద పెట్టుకుని ఆమె ముందు వంగాడు.

"అక్షరాలు చూశాను," అన్నాడు నేల వైపు చూస్తూ. "రెండూ స్పష్టంగా ఉన్నాయి. సైతాను నా నోరు పట్టుకున్నాడు. దేవుడి కోసం వదిలెయ్యి."

పెద్దలిద్దరూ గట్టిగా ఊపిరి విడిచారు. "తియ్యమ్మా," అంది అస్కాలె.

మెస్కెరెం లేవలేదు. "రేపు పొద్దున తొమ్మిదింటికి ఇదే మాట కొలీన్ గదిలో చెప్పండి. అక్కడే తీస్తాను."

గదిలో అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"ఆమె ముందా? ఇరవై రెండేళ్ళు నమ్మిన మనిషి ముందు అబద్ధం ఆడానని చెప్పుకోమంటావా? ఉద్యోగం ఉంటుందా?" జెరిహున్ వంగే ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ముగ్గురు పిల్లల తండ్రమ్మా," అన్నాడు ఒక పెద్ద.

"నీకింకా వయసుంది. ఇది కాకపోతే ఇంకోటి. కడుపులో పెట్టుకోవాలి," అన్నాడు రెండో ఆయన. "మన గుట్టు తెల్లవాళ్ళ ముందు విప్పుకుంటామా?"

"నా కాగితం దొంగదని తెల్లవాళ్ళ ముందే అయిందండీ. దొంగది కాదని మాత్రం మన మధ్యనే అవ్వాలా?"

"మాట పెంచకు," అంది అస్కాలె. ఆవిడ గొంతు మారింది. "రాయి పెట్టుకుని వంగినవాణ్ణి ఎంతసేపు నిలబెడతావు? మా అమ్మ కాలంలో తమ్ముణ్ణి చంపినవాణ్ణి కూడా లేపారు."

"లేపినవాళ్ళు గొప్పవాళ్ళు. ఈయన్ని మీరే లేపండి," అని మెస్కెరెం లేచి నిలబడింది. కాఫీ మొదటి గిన్నె అప్పుడే వంపుతున్నారు. ఆచారం ప్రకారం మూడు గిన్నెలూ తాగకుండా, పళ్ళెంలో చెయ్యి పెట్టకుండా వెళ్ళిపోవడమంటే ఆ ఇంటికి ఏం చేసినట్టో ఆమెకు తెలుసు. మెట్లు దిగి కింద తన గదిలోకి వెళ్ళింది. పైన చాలాసేపు అడుగుల చప్పుడు వినబడింది. కాంక్రీట్ ముక్క నేల మీద పెట్టిన చప్పుడు కూడా వినబడింది. ఎవరు దించారో తెలియదు.

మర్నాడు పొద్దున కొలీన్ గదికి ఒక్కతే వెళ్ళింది.

"అనువాదం కాగితం పది పన్నెండు రోజుల్లో వస్తుంది. కాల్గరీకి నా పేరు పంపండి. కాగితం తప్పని తేలితే పోస్టు సంగతి అటుంచి, లాబ్ నుంచి కూడా తీసేయండి."

కొలీన్ పెన్ను కింద పెట్టింది. "జెరిహున్‌కి కనబడని అక్షరాలు అనువాదకుడికి కనబడతాయా?"

ముద్ర మసకగా ఉందని చెప్పొచ్చు. జెరిహున్ కళ్ళు బాగాలేవని చెప్పొచ్చు. రాత్రి పెద్దల ముందు జరిగింది గడప దాటకూడదు. దాటించినవాళ్ళకి ఆ సమాజంలో పీట ఉండదు.

"జెరిహున్ గారికి కనబడ్డాయి," అంది మెస్కెరెం. "చదవనన్నారు."

"అది చాలా పెద్ద మాట."

"తెలుసు."

"ఆయన్ని నేను ఇరవై రెండేళ్ళుగా ఎరుగుదును. నిన్ను పదహారు నెలలుగా."

"అందుకే కాగితం వచ్చేదాకా ఆగమంటున్నాను. నన్ను నమ్మమనడం లేదు."

కొలీన్ ఆమె వైపు చూసింది. ఆ చూపులో ఇష్టం ఏమీ లేదు. "పేరు పంపుతాను, షరతు మీద. నా లాబ్‌లో మీ ఇద్దరి కొట్లాట మాత్రం నాకొద్దు. వెళ్ళు."

ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు బెంచీల్లో ఎవరూ జరగలేదు. మెస్కెరెం మూడు గంటలు గోడకి ఆనుకుని నిలబడింది. ఇంటికి వచ్చాక అస్కాలె మెట్ల మీద నుంచే చెప్పింది. "నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి. మా చెల్లెలి కూతురొస్తోంది." ఆవిడకి చెల్లెలు లేదు. మెస్కెరెం సరేనంది.

అనువాదం పన్నెండో రోజున వచ్చింది. సంవత్సరాలన్నీ రెండు లెక్కల్లోనూ వేసి, అసలు కాగితంలో రెండు అక్షరాలూ స్పష్టంగా ఉన్నాయని కింద విడిగా రాశాడు ఆయన. కొలీన్ దాన్ని జెరిహున్ ముందు పెట్టి తలుపు వేసుకుంది. లోపల కేక వినబడలేదు. ఆయన ఉద్యోగం పోలేదు. లాబ్ పెద్దరికం మాత్రం రెండేళ్ళ కిందట చేరిన ఒక కుర్రవాడికి ఇచ్చారు. కొలీన్ మెస్కెరెంకి క్షమాపణ ఏమీ చెప్పలేదు. "ఏప్రిల్ ఒకటిన పైకి రా," అంది అంతే.

కొత్త గది నదికి అవతల, రెండు బస్సుల దూరంలో దొరికింది. అక్కడ తన భాష మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక వంతెన స్తంభాల కాంక్రీట్ రిపోర్టు మేడ మీదికి వచ్చింది. జెరిహున్ తానే పందొమ్మిది మెట్లెక్కి తెచ్చి బల్ల అంచున పెట్టాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు ఇంగ్లీషులో.

"చూసి పంపిస్తాను."

"నిలబడే ఉంటాను."

ఆమె చదవడం మొదలుపెట్టింది. ముప్ఫై ఆరు సిలిండర్లు. కొలతలు, ఎంత బరువుకి పగిలాయో, ఎలా పగిలాయో. ఒక్క తప్పు దొరికితే బాగుండునని ఆమెకు అనిపించింది. మొదటి పేజీ నుంచి రెండోసారి చూసింది. సగటులన్నీ కాగితం మీద మళ్ళీ వేసింది. ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని, కిటికీలోంచి కింద లారీల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఇంత శుభ్రమైన రిపోర్టు ఆమె తన దేశంలో కూడా చూడలేదు. నలభై మందితో పని చేయించిన మనిషి రాసిన రాత అది. ఆ సంగతి ఆయనకి చెప్పే మనిషి ఆ మేడ మీద ఇంకెవరూ లేరు. ఆమెకీ నోరు రాలేదు.

కింద తన పేరు పొడి అక్షరాల్లో వేసి కాగితాలు ముందుకు తోసింది. ఆయన వచ్చి తీసుకున్నాడు. సిరా ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.