మార్నా పాఠం విన్నవాళ్లు

మార్నా లిండ్‌క్విస్ట్ యాభై దాటాక ఎమ్మెస్‌లో చేరింది. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అదీ ఆన్‌లైన్లో. అమెరికాలోని డులూత్ అనే ఊరి వీధుల్లో మంచు తోసే లారీలు ఏ రోడ్డుకు వెళ్లాలో ఆఫీసులో కూర్చుని వైర్‌లెస్‌లో చెప్పడం ఆమె ఉద్యోగం. త్వరలో పైఅధికారి కుర్చీ ఖాళీ అవుతుందనీ, దానికి ఈ డిగ్రీ కావాలనీ విని చేరింది. చేరిన దగ్గర్నుంచీ ఇంట్లో పాలు అయిపోతే "సరఫరా వ్యవస్థలో లోపం" అనేది. ఆ మాట తన చెవికే వెగటుగా ఉండేది. అయినా నోరు ఆగేది కాదు.

లారీలో డ్రైవరు ముందు పెట్టే కొత్త తెర ఎలా ఉండాలో క్లాసుకు వివరించడం ఆమె ప్రాజెక్టు. ఆమె వంతు వచ్చిన రోజు పొద్దుటినుంచీ మంచు కురిసి మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. భోజనం వేళ తన బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి, రాసుకున్న కాగితాల్లోంచి తల ఎత్తకుండా మొదలుపెట్టింది. భయానికి కాళ్లు నేలకేసి గట్టిగా అదిమింది. కుడికాలి కింద ఉన్నది నేల కాదు, వైర్‌లెస్ పెడల్. అది నొక్కితే ఆమె మాట లారీలన్నిటికీ వినబడుతుంది, వదిలితేనే వాళ్లు మాట్లాడగలరు. లాప్‌టాప్‌లో మైకు తెరవడం మాత్రం మరిచిపోయింది.

"ఈ డ్రైవర్లు పాతకాలం మనుషులు. కొత్త యంత్రమంటే భయం. చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగా నచ్చజెప్పాలి" అని ముగించి, తల ఎత్తి నవ్వింది. మీ గొంతు మాకు వినబడలేదని ప్రొఫెసరు పంపిన సందేశం తెర మీద కనిపించింది. కంగారుగా కాలు తీసింది. వెంటనే వైర్‌లెస్‌లో, డ్రైవర్లందరిలోకీ పెద్దవాడైన ఆర్లెన్ పలికాడు.

"మార్నా, మాకు మాత్రం శుభ్రంగా వినబడింది. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగొచ్చా?"

సాయంత్రం డ్రైవర్లు బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చారు. ఒక్కరూ కోప్పడలేదు. నీ పాఠం ఆసక్తిగా ఉందన్నాడు ఒకడు. ఆ ఊళ్లో నచ్చనిదాన్ని మర్యాదగా అలాగే అంటారు, ఆ మాట తిట్టు కన్నా ఘాటు. అందరూ వెళ్లాక ఆర్లెన్ కాఫీ కప్పుతో ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఇన్నేళ్లుగా రోజూ మాతో మాట్లాడుతున్నావు. మాకు భయమని నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో అలా ఉంది" అంది మార్నా. ఆ జవాబు ఎంత అధ్వానంగా ఉందో అన్నాక గాని తెలియలేదు. మైకు తెరవడం చేతకాని మనిషి వాళ్లకు యంత్రాలంటే భయమని తేల్చేసింది మరి.

ప్రొఫెసరు ఇంకో అవకాశం ఇచ్చాడు. తన సెలవు రోజున మార్నా హాట్‌డిష్ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం చేసి పట్టుకెళ్లి, ఆర్లెన్ లారీ ఎక్కి, ఊరంతా అతని పక్కన కూర్చుని తిరిగింది. అలాంటి తెర పెట్టించమని అతను ఏళ్లుగా పైవాళ్లను అడుగుతూనే ఉన్నాడట. రెండోసారి చెప్పేటప్పుడు అతన్నీ రమ్మంది. ఆర్లెన్ టై కట్టుకుని వచ్చాడు. ప్రశ్నలన్నీ అతనికే వెళ్లాయి, అతనికీ హుషారొచ్చింది. మార్నా ముగింపు చెప్పేలోపే సమయం అయిపోయింది. ప్రాజెక్టుకు బి గ్రేడు వచ్చింది.

ఆ వసంతంలో పైఅధికారి కుర్చీ ఇంకెవరికో దక్కింది. మార్నా చదువు మానలేదు. ఇంత నవ్వులపాలయ్యాక మధ్యలో మానేస్తే ఇంకా నవ్వుతారని అందరికీ చెప్పుకుంది. నిజానికి ఆ చదువు ఆమెకు నచ్చడం మొదలైంది. ఈ వయసులో ఆ సంగతి ఒప్పుకోవడానికే సిగ్గేసింది.