వ్యవసాయ కుటుంబం

ఆ మాట కనిపెట్టింది అతని భార్యే. పెళ్ళికి ముందు అతను దాపరికం లేకుండా ఆమెకి అంతా చెప్పుకున్నాడు. తన తండ్రి ఒకరి పొలంలో పాలేరని, పశువుల కొట్టంలోనే పడుకునేవాడని, ఆఖరికి అక్కడే పోయాడని చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, మా నాన్నకి ఇంత వివరంగా చెప్పనక్కర్లేదు, వ్యవసాయ కుటుంబం అందాం, అబద్ధమైతే కాదు కదా అంది. అబద్ధం కాదు, నిజమే. మన భాషలో ఆ మాటకున్న సుగుణం ఏమిటంటే, అది దున్నేవాడికీ దున్నించేవాడికీ ఒకేలా సరిపోతుంది. కాకపోతే విన్నవాడికి దున్నించేవాడే కనబడతాడు.

మామగారికి కలప అడితీ ఉంది. దుంగని చూసి లోపల పుచ్చు ఉందో లేదో చెప్పగలనని ఆయనకి గొప్ప. ఎంత పొలం అని ఆయన అడగనూ లేదు, ఇతను చెప్పనూ లేదు. పెళ్ళయిన మూడో నెలకల్లా ఆయన నోట అది "మా అల్లుడిది పెద్ద కమతం" అయి కూర్చుంది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకి పిల్లనిచ్చానన్న చిన్నతనం ఆయనకి అలా తీరింది. ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇద్దరు పిల్లలు. పెద్దది, ఏడేళ్ళ కూతురు, ఇప్పుడు స్కూల్లో మా తాతకి బోలెడన్ని పొలాలు ఉండేవని కోతలు కోస్తోంది.

మొన్న అది తన స్నేహితురాలితో ఆ కోతలు కోస్తుంటే అతను విన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు. పెళ్ళాం, మామగారు, ఊరందరూ ఏమనుకున్నా సరే, తన కూతురికి మాత్రం తన తండ్రి ఎవరో తెలియాలి అనిపించింది. ఊరవతల పాతకాలపు పొలం ఒకటి పెట్టారు. వందేళ్ళ కిందట రైతు ఇల్లు, కొట్టం, గాదె ఎలా ఉండేవో అలాగే ఉంచి, మనుషుల చేత ఆ కాలపు బట్టలు కట్టించి, ఆ పనులు చేయించి చూపిస్తారు. అక్కడికి తీసుకెళ్ళి, కొట్టం చూపించి, ఇదిగో మీ తాత ఇలాంటి చోట ఉండేవాడు అని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు. పొద్దున సంచీలో నీళ్ళ సీసాలు సర్దుతున్న భార్యతో ఆ సంగతే అన్నాడు. ఆమె సీసా మూత రెండుసార్లు బిగించి, మీ ఇష్టం, మా నాన్న కూడా వస్తానన్నాడు అని మాత్రం అంది.

మామగారు రావడమే కాదు, కారులో ముందు సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా, ఇవాళ మనకి గైడుతో పనిలేదర్రా, అల్లుడుగారే అన్నీ చూపిస్తారు, ఆయన పుట్టి పెరిగింది అందులోనే కదా అని పిల్లలకి చెబుతూనే ఉన్నారు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేకపోవడమే అతని ఖర్మ.

గైడు ఉండనే ఉంది. ముతక బట్టలు, తోలు చెప్పులు వేసుకుని వందేళ్ళు వెనక్కి వెళ్ళింది గాని, చేతికున్న స్మార్ట్ వాచీ తీయడం మర్చిపోయింది. ముందు వీళ్ళనీ, పిల్లలతో వచ్చిన మరికొందరినీ యజమాని ఇంట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ అతని పరువు గంగలో కలిసింది. పడగ్గదిలో మంచం పక్కన పొడుగాటి పిడి ఉన్న ఇత్తడి గిన్నె వేలాడుతోంది, దానికి మూత కూడా ఉంది. ఇదేంటి నాన్నా అంది పెద్దది. అతను తెల్లమొహం వేశాడు. చిన్నప్పుడు తండ్రి వెంట వెళ్ళిన యజమాని ఇంట్లో వెనక గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేసినవాడు కాదు. నిప్పులు పోసి పక్క వెచ్చబెట్టుకునే గిన్నె అని గైడే చెప్పింది. మగవాళ్ళకి ఇంట్లో సంగతులు ఏం తెలుస్తాయమ్మా అని మామగారు సర్దేశారు. భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కొట్టంలోకి అడుగుపెట్టగానే అదే వాసన. పచ్చిగడ్డి, పేడ, వెచ్చటి తోలు కలిసిన వాసన. తండ్రి వారానికో రోజు ఇంటికొచ్చినప్పుడు ఆ వాసన ఆయన కంటే ముందు గుమ్మంలోకి వచ్చేది. రెండు ఎద్దులూ ఒక ఆవూ నెమరేస్తున్నాయి. నాలుగేళ్ళ బుడ్డోడు భయపడి అమ్మ చంక దిగడం లేదు. ఆవుకి సరిగ్గా పైన, తలకి అందేటంత ఎత్తులో, మనిషి పట్టే వెడల్పున చెక్కల అటక ఒకటి ఉంది. దాన్ని చూపించి, ఇది దేనికో చెప్పగలరా పిల్లలూ అంది గైడు. గడ్డికి అన్నారు ఎవరో. కోళ్ళకి అన్నారు ఇంకెవరో.

"మా నాన్నకి తెలుసు. మాది వ్యవసాయ కుటుంబం," అంది పెద్దది, అందరికీ వినబడేలా.

అతను కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "పడుకోడానికమ్మా. చలికాలంలో పశువుల ఒంటి వేడి పైకొస్తుంది. కప్పుకోడానికి ఏమీ లేకపోయినా గడిచిపోతుంది. మా నాన్న అలాగే పడుకునేవాడు."

గైడు సంబరపడిపోయింది. మామగారు మాత్రం దుంగలో పుచ్చు కనబడ్డట్టు అతని వైపు చూశారు. ఇంకొక్క మాట, అంతే. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆవు ఈనే రోజుల్లో అన్నమాట," అంది భార్య. "కాపలాకి. కదండీ?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి. అతను ఆమెని చూశాడు, మామగారిని చూశాడు, కూతురి తలలో పాపిడిని చూశాడు.

"అవును. ఈనే రోజుల్లో," అన్నాడు.

అంతటి రైతు అయ్యుండి కొట్టంలో పడుకున్నారంటే పశువుల మీద ఎంత ప్రేమో చూడండి అని మామగారు మెచ్చుకున్నారు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. పోయిన తండ్రిని ఆఖరికి కొట్టంలోంచి కూడా గెంటేసినట్టయింది.

పెద్దది ఊరుకునే రకం కాదు. "మరి మీ ఇంట్లో పాలేరు ఉండేవాడా నాన్నా?"

"ఉండేవాడు."

"అతని పేరేంటి?"

"పొట్టోడు అనేవారు."

"పొట్టిగా ఉండేవాడా?"

"కాదు, ఆరడుగుల మనిషి. అంతకు ముందు పనిచేసినవాడు పొట్టి. కొత్తవాడి పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారని, అదే పేరుతో పిలిచేవారు."

అందరూ నవ్వారు. గైడు కూడా నవ్వి, ఇది చాలా బావుంది సార్, రేపట్నుంచి నేనూ చెబుతాను అంది. భార్య నవ్వలేదు. ఆ పేరు ఎవరిదో ఆమెకి తెలుసు. బుడ్డోడి ముక్కు తుడుస్తూ తల దించుకుంది.

ఆఖర్న పిల్లల ఆట పెట్టారు. పాతకాలపు బట్టలు ఓ పెట్టెనిండా ఉన్నాయి, ఎవరికి నచ్చిన వేషం వాళ్ళు వేసుకోవచ్చు. పెద్దది యజమాని కూతురి వేషం ఏరుకుని, ఇంటి అరుగు మీద కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుంది. తమ్ముణ్ణి పాలేరుగా ఉండమంది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. తాతని అడిగితే, నాకు మోకాళ్ళు వంగవే తల్లీ అన్నారు.

"అయితే నాన్నా, నువ్వుండు. నువ్వే పొట్టోడివి. నేను పిలుస్తా."

అతను కొట్టం ముందు నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ పొట్టోడా," అని కేకేసింది కూతురు.

దానికి ఎవరు నేర్పారో గాని, ఆ రాగం అచ్చంగా అదే. తండ్రి యజమాని మనవరాలు, దీని ఈడు పిల్లే, వెనక గుమ్మంలో నిలబడి అలాగే కేకేసేది. తండ్రి చేతిలో పని అక్కడే వదిలేసి, ఎందుకని అడక్కుండా, అరచేతులు తొడలకి తుడుచుకుంటూ, ఆ పొడుగు మనిషి నడుం దగ్గర వంగి పరుగెత్తేవాడు. వంగకపోతే పిల్ల తలెత్తి చూడాల్సి వస్తుందట, వాళ్ళకది నచ్చదట.

"వస్తన్నా చిన్నమ్మగోరూ."

ఆ మాట అతని నోట్లోంచే వచ్చింది. చేతులు వాటంతటవే తొడలకి తుడుచుకున్నాయి, నడుం వంగింది, కాళ్ళు అరుగు దాకా పరుగెత్తాయి. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గైడు ఫోను తీసి వీడియో పట్టింది. మామగారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, అచ్చుగుద్దినట్టు చేశారల్లుడుగారూ, పాలేర్లని దగ్గరుండి చూసినవాళ్ళకే ఇది వస్తుంది అన్నారు.

పెద్దది కుర్చీలో పడీ పడీ నవ్వుతోంది. దాని జీవితంలో తండ్రి ఇంత బాగా ఆడింది ఎప్పుడూ లేదు.

"నాన్నా, ఇంకోసారి. మొదట్నుంచీ."

అతను మళ్ళీ కొట్టం దాకా నడిచి వెళ్ళి, పిలుపు కోసం నిలబడ్డాడు.