ఎడమచేతి కోత

ఆ సోమవారం బల్లమీదికి వచ్చింది ఒక తెల్లదొర శవం. బ్యాంకులో పెద్ద ఉద్యోగి, గుండె ఆగి చచ్చాడు. ప్రొఫెసర్ హార్ట్‌లీ చేతులకు తొడుగులు వేసుకుని గోడ గడియారం వైపు చూశాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూడో వరసలో ఉన్న ఐదుగురు నల్ల విద్యార్థులు పుస్తకాలు మూసి, లేచి, తలలు వంచుకుని బయటికి నడిచారు. తలుపు మూసుకున్నాక హార్ట్‌లీ నావైపు తిరిగి, "ఇక మొదలుపెట్టు, బాయ్" అన్నాడు.

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. పేరు వెలాఫి ఖుజ్వాయో. జొహానెస్‌బర్గ్‌లోని ఆ వైద్య కళాశాల మార్చురీలో ఇరవై ఆరేళ్ళుగా శవాలు కోస్తున్నాను. చదువుకునేవాళ్ళారా, పనిచేసేవాళ్ళారా, అక్కడి నియమం ఎంత చక్కగా ఉందో వినండి. తెల్లవాడి శవాన్ని నల్ల విద్యార్థి కళ్ళతో చూడకూడదు. కానీ ఆ శవం రొమ్ము చీల్చి, పేగులు తీసి, పుర్రెను రంపంతో కోసి, మళ్ళీ కుట్టి, మొహం కడిగి, దుప్పటి కప్పి పెళ్ళానికి అప్పగించాల్సింది మాత్రం నా నల్ల చేతులే. ఈ నియమం రాసినవాళ్ళు శాస్త్రజ్ఞులట. సిగ్గుండాలి.

ఆ ఐదుగురిలో నొమలంగ జోండి ఒకతె. ఆఖరి సంవత్సరం. గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు ఆ రోజుల్లో మా బల్లమీద తెల్ల శవాల్లోనే కనబడేది. పరీక్షలో మాత్రం దాని గురించి అందరినీ అడిగేవారు. చూడనిది ఎట్లా చెబుతారు? తప్పేవారు. తప్పితే నల్లవాళ్ళ బుర్రకు ఈ చదువు ఎక్కదని నివేదిక రాసేవారు. రెండుసార్లు తప్పినవాళ్ళను ఇంటికి పంపేసేవారు. నొమలంగ అప్పటికే ఒకసారి తప్పింది.

ఆ సాయంత్రం నేను బల్ల కడుగుతుంటే ఆమె వచ్చి నిలబడింది. తండ్రిని పిలిచినట్టే పిలిచింది.

"బాబా, నువ్వు రోజూ చూసేదే మమ్మల్ని చూడొద్దంటన్నారు. నువ్వే మాకు నేర్పు."

నాకు నవ్వొచ్చింది. నాలుగో తరగతి దాటనివాణ్ణి డాక్టర్లకు పాఠం చెప్పడమా అన్నాను. ఆమె నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు నల్లవాళ్ళ పేట సొవెటోలో, మా పెరట్లో బడి మొదలైంది. కసాయి దగ్గర ఆవు గుండెలు తెచ్చేవాణ్ణి. పాత పేపరు పరిచి, ఒక్కొక్కరి చేతికీ కత్తి ఇచ్చి కోయించేవాణ్ణి. పూడుకుపోయిన నాళం ఎట్లా ఉంటుందో, వేలితో నొక్కితే గుడ్డు పెంకులా ఎట్లా కరకరమంటుందో చెప్పేవాణ్ణి. పాఠం అయిపోయాక మా ఆవిడ ఆ గుండెల్నే కూర వండేది. మొక్కజొన్న సంకటిలో అందరం కలిసి తినేవాళ్ళం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఈయన కాలేజీని ఎసట్లో పెట్టి వండుతున్నాడని నవ్వేవాళ్ళు.

పరీక్షరోజు వచ్చింది. నొమలంగ ఒక్క మాట తడుముకోకుండా జబ్బు పేరు చెప్పింది, కారణం చెప్పింది. తరవాత గుండెను కోసి చూపించమన్నారు. అక్కడ దొరికిపోయింది. నాది ఎడమచేతి వాటం. గుండెను బోర్లా తిప్పి, కింది మొన నుంచి పైకి కోస్తాను. ఆమెది కుడిచేతి వాటం. అయినా నన్ను చూసి నేర్చుకున్న పిల్ల గనక, గుండెను బోర్లా తిప్పి కింది నుంచి పైకి కోసింది. ఆ కోత కోసేవాడు ఆ కాలేజీ మొత్తంలో నేనొక్కణ్ణే. హార్ట్‌లీ కళ్ళద్దాలు తీసి, ఎవరు నేర్పారని అడిగాడు. ఆమె అబద్ధం ఆడలేదు.

పరీక్ష రద్దు చేశారు. ఆమెను కాలేజీ నుంచి తీసేశారు. నన్ను పిలిచి, ఇంకొక్క తప్పు చేస్తే నగరంలో ఉండనిచ్చే నా పాసు కాగితం రద్దవుతుందని చెప్పారు. పాసు పోతే నగరంలో నల్లవాడికి నిలువనీడ లేదు. నాకు కోపంతో ఒళ్ళు మండిపోయింది.

మార్చురీ పనివాళ్ళం ఆరుగురం, ఆ ఐదుగురు పిల్లలు, పని ఆపేద్దామా అని మా పెరట్లోనే కూర్చున్నాం. మా పనివాళ్ళలో ముసలి మొకేటె మొదటినుంచీ అడ్డం తిరిగాడు.

"రేపు వీళ్ళు డాక్టర్లయ్యి కార్లెక్కుతారు. మన పాసులు చింపి ఊరవతలికి తోలితే మన పిల్లలకి సంకటెవడు పెడతాడు? వాళ్ళ గొడవలో మన మెడకాయలెందుకు?"

విద్యార్థుల్లో కగీసో లేచి అరవబోయాడు. నొమలంగ వాణ్ణి చెయ్యిపట్టి కూర్చోబెట్టింది.

"పెద్దాయన చెప్పేది నిజమే. మేం కారెక్కి మిమ్మల్ని మర్చిపోతాం. మాకంటే ముందు చదివి పోయినోళ్ళు చేసిందదే. అందుకే ఇప్పుడే మా చేత ఒప్పించుకోండి. తెల్ల శవం కోసేటప్పుడు మాకు కుర్చీ, కోసే మీకు చదువు, పరీక్ష. రెండూ ఇస్తేనే పని. ఒకటిచ్చి ఒకటి ఆపితే ఎవరూ కత్తి పట్టేది లేదు."

మొకేటె నములుతున్న చుట్టను ఉమ్మేశాడు. ఇరవై ఏళ్ళుగా కోస్తున్నా హార్ట్‌లీ దొరకు తన పేరు తెలియదని మెల్లగా అన్నాడు. ఆ మాటతో తీర్మానం అయిపోయింది.

బుధవారం ఒక తెల్ల ఇంజనీరు శవం వచ్చింది. హార్ట్‌లీ గడియారం చూశాడు. ఐదుగురూ కదల్లేదు, తీసేసిన నొమలంగతో సహా. మేం ఆరుగురం చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డాం. తనకు మామీద ఎంతో సానుభూతి ఉందని, నియమం తన చేతుల్లో లేదని హార్ట్‌లీ చెప్పుకొచ్చాడు.

"రంపం మీ చేతికి దగ్గర్లోనే ఉంది గదా దొరా. కానియ్యండి" అన్నాను.

ఇరవై ఏళ్ళలో ఆయన రంపం పట్టి ఎరగడు. ఒక తెల్ల విద్యార్థికి ఇచ్చాడు. రంపం జారి వాడి బొటనవేలు సగం తెగింది. ఇంకొకడు పొట్ట కోయబోయి పేగు చీల్చాడు. గదంతా కంపు కొట్టింది. ముందు వరస కుర్రాడు బూట్లమీదే కక్కుకున్నాడు. హార్ట్‌లీ ఫోన్ దగ్గరికి వెళ్ళాడు.

పోలీసులు కుక్కలతో వచ్చారు. తోలు కొరడాలతో మొహాలు చూడకుండా బాదారు. ఒక కుక్క మొకేటె ముంజేతిని పట్టి ఎముక కనబడేదాకా లాగింది. అరుపులు విని ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో, వంటవాళ్ళు ఇనప గరిటెలతో పరిగెత్తుకొచ్చారు. మెట్లమీద రెండువందల మందిమి కలబడ్డాం. ఒక పోలీసు దవడ నేనే పగలగొట్టాను, దాస్తే ఏమొస్తుంది. కానీ వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. నొమలంగను జుట్టు పట్టి పోలీసు బండిదాకా ఈడ్చుకెళ్ళారు. బండెక్కేటప్పుడు ఆమె కాళ్ళమీద నిలబడి ఉంది. జనం నన్ను గుంపులోకి లాగి దాచారు గానీ, అది నా కళ్ళతో చూశాను.

నాలుగో రోజు ఆమె మా మార్చురీకే శవమై వచ్చింది. విచారణ గదికి వెళుతూ మెట్లమీద జారిపడిందని పోలీసుల కాగితం.

అప్పటికి మా సమ్మె పాకి నగరంలో ఏ మార్చురీలోనూ పని జరగడం లేదు. కత్తి పట్టేవాడు ఒక్కడూ లేడు. జనం ఊరేగింపుకు లేవకముందే కోత నివేదికమీద సంతకం చేయించి పూడ్చిపెట్టాలని పోలీసు కెప్టెన్ తొందర. అందుకని నన్ను కోతకు పిలవడానికి హార్ట్‌లీ స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి, "ఖుజ్వాయో గారూ" అన్నాడు. కిటికీలు తెరిచి ఉంచాలి, నొమలంగ అమ్మ ఉండాలి, నలుగురు విద్యార్థులూ ఉండాలి అన్నాను. కోసేవాడు ఎవడైతేనేం, రాసేది హార్ట్‌లీయే గదా అనుకుని కెప్టెన్ ఒప్పుకున్నాడు.

గేటు బయట నాలుగువేల మంది. బల్ల దగ్గర కత్తి పక్కన పెట్టేశాను. మా పెరట్లో సంకటి తిన్న పిల్ల, ఎట్లా కోసేది? వాళ్ళమ్మే దగ్గరికొచ్చి నా భుజంమీద చెయ్యివేసింది.

"కొయ్యి నాయనా. నా బిడ్డని వాళ్ళ కాగితంతో పూడ్చను."

కోశాను. నేను చెబుతుంటే కగీసో కిటికీలోంచి బయటికి కేకవేసి చెప్పాడు. పక్కటెముకలు తొమ్మిది విరిగాయి. కాలేయం రెండుగా చీలింది. వీపంతా కొరడా చారలు. అరికాళ్ళమీద కర్ర దెబ్బలు, పదకొండు. ఒక్కో మాటా బయట జనం తిరిగి పలికారు. హార్ట్‌లీ కలం తీశాడు. పడిపోవడంవల్లే అని రాయమని కెప్టెన్ ఆయన చెవిలో చెప్పాడు.

"మెట్లమీంచి పడ్డోళ్ళని వంద మందిని కోశాను. ఏ మెట్టూ ఎవరి అరికాళ్ళనీ కొట్టలా" అన్నాను.

తుపాకి మడమ నా నోటిమీద పడింది. మూడు పళ్ళు రాలాయి. పోలీసులు నా రెండు చేతులూ పట్టుకునేలోగా కత్తిని కగీసో చేతిలో పెట్టాను.

"తల మిగిలిందిరా. చూసి చెప్పు."

ముగ్గురు విద్యార్థులు, ఆ తల్లి బల్ల చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. నన్ను నడవాలోకి ఈడుస్తుంటే, వెనక రంపం చప్పుడు విన్నాను. తరవాత కగీసో గొంతు. పుర్రె వెనక రెండు దెబ్బలు, గుండ్రటి ఇనప వస్తువుతో, పైనుంచి కిందికి. బయట నాలుగువేల గొంతులు అదే మాట అన్నాయి.

హార్ట్‌లీ ఏం రాశాడో నాకు తెలియదు. నన్ను బండిలో పడేసి తలుపు వేశారు. ఇంజను అరిచింది, హారన్ మోగింది. బండి మాత్రం కదల్లేదు. జనం దారి ఇవ్వలేదు.