శ్రుతి తప్పిన ప్రవేశ గీతం

ప్లంబరు గొంతు ఎలాంటిదో చర్చిలో పాటల బృందాన్ని నడిపే అతని వదినకు బాగా తెలుసు. ఆమె చెల్లెల్ని పెళ్ళి చేసుకున్ననాడే అతను పాడగా విన్నది. అప్పటినుంచి ఆదివారం పూజలో అతను చివరి బెంచీలో కూర్చుని పెదాలు మాత్రం కదిపేవాడు. నిజానికి బృందం తప్ప అక్కడెవరూ నోరు విప్పేవారు కాదు. అంత బాగా పాడేవాళ్ళుండగా మనమెందుకని అందరి మొహమాటం.

ఒక ఆదివారం బృందానికి బృందమే జలుబుతో పడకేసింది. వదిన వచ్చింది గాని గొంతు పెగలడం లేదు. పూజా వస్త్రాల గదిలో కారుతున్న కుళాయి బిగిస్తున్న ప్లంబరు దగ్గరికి ఫాదర్ గారు వచ్చారు.

"ఇవాళ పాట నువ్వెత్తుకోవాలయ్యా."

"నేను పాడితే మా పసిది ఏడుపాపి వింతగా చూస్తుంది ఫాదర్. నాకు సరిగ్గా రాదు."

"అడిగినవాళ్ళంతా ఆ మాటే అని తప్పుకున్నారు. రానిదాన్నే దేవుడికివ్వు. మిగతాది ఆయన చూసుకుంటాడు."

అతను చేతులు తుడుచుకుని, "ప్రభువా, నా పరువు నీ చేతుల్లో ఉంది" అనుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు. మొదటి మాటే ఆకాశమంత ఎత్తున అందుకున్నాడు. రెండో పాదానికి ఇంకా పైకెక్కాలి. గొంతు కీచుమని ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. పారిపోదామా అనిపించింది. అయినా కళ్ళు మూసుకుని అదే పాదం మళ్ళీ అందుకున్నాడు. అదీ తప్పే.

ఇక చూడలేక మాంసం కొట్టు ఆసామి గొంతు కలిపాడు. అంత నిండైన గొంతు ఆయనకుందని ఆయన భార్యకే తెలియదు. ఆమె నవ్వాపుకుంటూ తోడైంది. ఇంతకంటే అధ్వాన్నంగా ఎవరం పాడలేమన్న ధైర్యం బెంచీ నుంచి బెంచీకి పాకింది. పల్లవి తిరిగొచ్చేసరికి చర్చి చర్చంతా పాడుతోంది. ప్లంబరు కళ్ళు తెరిచేసరికి వదిన కళ్ళు తుడుచుకుంటోంది.

పూజ అయ్యాక ఆమె అతన్ని గుమ్మం దగ్గర ఆపింది.

"నీ పాట పాడుచేశాను, ఏమనుకోకు వదినా."

"ఇన్నేళ్ళుగా వీళ్ళచేత పాడించాలని చూస్తున్నాను మరిదీ," అంది బొంగురుగా. "నేను పాడితే విని ఊరుకుంటారు. నువ్వు పాడితే ఊరుకోలేరు. ఇకమీదట మొదటి పాట నీదే."

"అయితే కాస్త రాగం నేర్పు."

ఆమె ఆలోచించింది. "తొందరేం లేదులే."

తరువాతి ఆదివారం బృందం కోలుకుని వచ్చింది. ప్లంబరు మైకు ముందు సిలువ గుర్తు వేసుకున్నాడు. భయం పోలేదు, గొంతూ బాగుపడలేదు. అతను మొదటి మాట అన్నాడో లేదో, చివరి బెంచీలవాళ్ళతో సహా అందరూ అందుకున్నారు.