నఫీసా ముక్కు

నజ్లా మూడు వారాలుగా అమ్మ ముక్కునే చెక్కుతోంది. శిల్పకళ తరగతిలో పరీక్షకని పురాతన కాలపు రాణి తల ఒకటి చేయమన్నారు. కిరీటం, కాటుక కళ్లు అందరూ చెక్కేవే. నజ్లా మాత్రం ఆ కిరీటం కింద నాలుగేళ్ల క్రితం పోయిన తల్లి నఫీసా ముఖం పెట్టింది. ఇంట్లో నఫీసా ఫోటో ఒక్కటీ లేదు. మధ్యలో చిన్న ఎత్తున్న ఆ ముక్కే లేకపోతే ఆ ముఖం ఎవరిదైనా కావచ్చు. తరగతిలో నలుగురూ ఒక్కసారి అమ్మను చూడాలి, అంతే ఆ పిల్ల కోరిక. తండ్రికి చెప్పలేదు. చెప్పాలా, చూస్తే తెలియదూ అనుకుంది.

తండ్రి తయ్యిబ్‌ కూడా ఉలి పట్టినవాడే. నైలు నదికి పడమటి గట్టున, కొండ కింద దుకాణంలో ముప్పై ఏళ్లుగా ఫరో రాజుల తలలు చెక్కి, ముక్కో చెవో విరగ్గొట్టి, టీ నీళ్లు పట్టించి టూరిస్టులకు అంటగడుతున్నాడు. విరగని తలను పాతదంటే ఎవరూ నమ్మరు. చేసీ చేసీ, నిండు ముఖం కనిపిస్తే చాలు అతని చెయ్యి దురద పెడుతుంది.

ఆ శుక్రవారం నజ్లా రొట్టెలు కొనుక్కుని వచ్చేసరికి తయ్యిబ్ గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు.

"రావే, నీ బొమ్మకు మూడు వేల ఏళ్ల వయసు తెప్పించా!"

బల్ల మీద తల ఉంది. ముక్కు లేదు. చెంపల నిండా టీ మరకలు.

"ఎంత పని చేశావు నాన్నా!"

"ఏం చేశానే? అంత నున్నగా పట్టుకెళ్తే నిన్న చేసిందని నవ్వరూ? ఒక్కటే దెబ్బ. ఎంత పొందిగ్గా ఊడిందో చూడు!"

నజ్లా ఒళ్లు మండిపోయింది. చెత్తంతా వెతికితే దొరికింది రాతిపిండే. పరీక్ష మర్నాడే.

పడవలో నది దాటి ఆ తలనే తీసుకెళ్లింది. శిల్పకళ నేర్పే షాహెందా మేడమ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ముక్కు ఎవరైనా చెక్కుతారమ్మా. ఈ విరుపుంది చూశావూ, పనితనమంటే ఇదీ!"

తరగతి మొత్తానికీ మొదటి మార్కు. అందరూ చప్పట్లు కొట్టారు. నజ్లాకు ఏడుపు కూడా రాలేదు, అసహ్యం వేసింది.

సంగతి విని తయ్యిబ్ వీధంతా వినబడేలా "మా పిల్ల ఫస్టు!" అని అరిచాడు. ఇరుగుపొరుగుకు టీ పోయించాడు. తలను ఒళ్లో పెట్టుకుని చెంప నిమిరాడు.

"అవునే, కొట్టేముందు తేరిపార చూశా. నేనెరిగిన రాణుల్లో ఎవరూ కాదు. ఎవరే ఈవిడ?"

ఇరవై రెండేళ్లు నఫీసా చేతి రొట్టె తిన్న మనిషి అడిగిన మాట అది.

"ఎవరో ఒక రాణిలే నాన్నా," అంది నజ్లా.