ఎంగిలి చేసిన కూర

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, మా గోలూ గొంతు మళ్ళీ మూసుకుపోవడం. వాడికి నాలుగేళ్ళు. నిరుడు హోలీకి జీడిపప్పు పెట్టిన కజ్జికాయ కొరికాడు. ఆసుపత్రికి చేరేలోపు పెదాలు నీలంగా మారాయి.

అందుకే ఆ ఏడు దీపావళి మర్నాడు వచ్చే అన్నకూట్ పండగనాడు పనీర్ కూరలోకి జీడిపప్పు బదులు పుచ్చగింజలు నానబెట్టి రుబ్బాను. మథురలో మా ఇంట పండగ కూరకి ఉల్లి ఉండదు, చిక్కదనమంతా ఆ ముద్దదే. ఠాకూర్జీ, అంటే మా ఇంటి కృష్ణుడి ముందు పెట్టేదాకా ఎవరూ ఉప్పు కూడా చూడరు.

గోలూ మెట్ల మీద పడి ఏడిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కూర మీద నెయ్యి తేలుతోంది. మా పెద్ద తోడికోడలు విమలేశ్ జీజీ గిన్నెలు కడుగుతోంది.

“జీజీ, ఏ గిన్నెలో ముద్ద వేశారు?”

“తెల్లగా ఉన్నదే.”

“రెండూ తెల్లగానే ఉన్నాయి కదా. మీరు మిఠాయికి రుబ్బిన జీడిపప్పు పక్కనే ఉంది.”

ఆమె చెయ్యి కుళాయి కింద ఆగింది. “అంత లెక్కగా గుర్తుండటానికి నేనేమన్నా పంతులమ్మనా? అడుగంటుతోందని వేసేశాను. నువ్వేమో కొడుకుని ఎత్తుకుని తిరుగుతున్నావు.”

మా అత్తగారు అమ్మాజీ గుమ్మంలోంచే అంది. “ప్రసాదం ఏ బిడ్డకీ చెడు చెయ్యదే. నా చేత్తో పెడతానుగా.”

అమ్మాజీ అన్నం, మజ్జిగపులుసులాంటి కఢీ, కూర ఒకే పళ్ళెంలో కలిపి పిల్లలందరి నోళ్ళలో తలో ముద్ద పెడుతుంది. వద్దంటే ఠాకూర్జీని వద్దన్నట్టే. వాకిట్లో పేడతో చేసిన గోవర్ధనగిరి చుట్టూ పిల్లలు అప్పటికే కూర్చున్నారు. గోలూ ముందు వరసలో ఉన్నాడు.

గరిటె తీసి, అమ్మాజీ చూస్తుండగానే కూర నోట్లో పోసుకున్నాను. నాలిక కాలింది. జీడిపప్పో పుచ్చగింజో తెలియలేదు. తెలియక్కర్లేదు కూడా. ఎంగిలైన కూర ఇక దేవుడి ముందుకి పోదు, వాడి నోటికీ రాదు.

“ఆ కాస్తసేపు ఆకలికి ఆగలేకపోయావా, కోడలా?”

“ఆగలేకపోయాను, అమ్మాజీ.”

విమలేశ్ జీజీ బంగాళదుంపలు తరగడానికి కూర్చుంది. ఆ పూట నైవేద్యానికి ఆ కూరే వెళ్ళింది. కార్తీక పున్నమి దాకా అమ్మాజీ నాతో మాట్లాడలేదు.

ఈ ఏడు అన్నకూట్ ఎల్లుండి. మా పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఇంటికి మైల తీరింది గాని, నలభై రోజులదాకా బాలింతని వంటింట్లోకి రానివ్వరు. నేను మేడగదిలో ఉంటాను. పుచ్చగింజలు వలిచి, డబ్బా మీద అవేమిటో రాసి కిందికి పంపాను. డబ్బా మూత ఎవరు తీస్తారో నాకు కనపడదు.

ప్రసాదానికి మా ఇంటికి వచ్చేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, అమ్మాజీ పక్కన పసుపు చొక్కా పిల్లాడు కూర్చుని ఉంటాడు. కుడి కనుబొమ మీద మచ్చ, అప్పుడు మెట్ల మీద పడ్డప్పటిది. ముద్ద తిన్నాక వాడి పెదాలు ఒక్కసారి చూడండి.